గుండీలమ్మ తనిఖీ

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చి తొమ్మిదేళ్లే అయింది, అదీ మా ఆయన పోయాక. ఒత్తులు ఒకచోట పెట్టాలనుకుంటే ఇంకోచోట పడతాయి. ఒక పేజీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఇది నా కథ కాదు, మా ఆడపడుచుది. ఆమె చెబుతుంటే విని, మరిచిపోయినవి మళ్లీ అడిగి రాసుకున్నాను. తప్పులు కనబడితే దిద్దుకుని చదవండి, కోపం మాత్రం తెచ్చుకోకండి.

మా ఆడపడుచును ఇంట్లోవాళ్లు తప్ప అందరూ గుండీలమ్మ అనే పిలిచేవాళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు దర్జీ దుకాణంలో కాజాలు తీసి గుండీలు కుట్టిన మనిషి ఆమె. చొక్కా తిరగేసి చూసిందంటే కుట్టినవాడికి ఓపిక ఎంతుందో, ఆ పూట ఇంట్లో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేది. దగ్గరి చూపు ఆనడం తగ్గాక దుకాణం మానేసింది కానీ, ఇంట్లో ఊరికే కూర్చోవాలంటే ఆమెకు ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టుండేది.

ముసలివాళ్లను ఉంచుకుని చూసుకునే హోమ్‌లకు గ్రేడులు ఇచ్చే ఆఫీసు ఒకటుంది. తనిఖీకి వెళ్లే ఆఫీసరు వెంట బయటి మనిషిని ఒకరిని తీసుకెళ్లాలని ఆ ఆఫీసువాళ్లు నియమం పెట్టుకున్నారు. ఆ మనిషికి పెద్ద చదువు అక్కర్లేదు. అరవై దాటి ఉండాలి, మంచాన పడ్డ మనిషికి ఇంట్లో చాకిరీ చేసి ఉండాలి, అంతే. గుండీలమ్మ తన అత్తగారిని ఆరేళ్లు చూసుకుంది. అడగ్గానే పెట్టుకున్నారు.

పని చెప్పడానికి తేలిక. ఆఫీసరు కాగితాలు చూస్తాడు. ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఏ రోజు స్నానం చేయించారు, కదల్లేనివాళ్లను ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పారు, ఇవన్నీ చార్టుల్లో ఉంటాయి. బయటి మనిషి మాత్రం హాల్లో ఓ మూల రెండు గంటలు కూర్చుని చూడాలి. ఆయాలో నర్సులో ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఆ రాక ఆ పెద్దమనిషికి హాయినిచ్చిందా, బాధపెట్టిందా అని గుర్తుపెట్టుకోవాలి. పిలిచినా ఎవరూ రాకపోతే అదీ గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో కల్పించుకోకూడదు, వస్తువు ముట్టుకోకూడదు.

చేతిలో కలం కాగితం కనబడితే పనివాళ్లు బిగుసుకుపోతారు. అందుకని గుండీలమ్మ తన పద్ధతి తాను పెట్టుకుంది. స్వెట్టరు కుడి జేబులో రెండు రకాల గుండీలు వేసుకునేది. చొక్కాలకు పెట్టే తెల్లవి, చిన్నవి. కోటుకు పెట్టే నల్లవి, పెద్దవి. వేలితో తడిమితే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది. హాయిగా ఉంటే తెల్లది, బాధగా ఉంటే నల్లది తీసి ఎడమ జేబులోకి జార్చేది. బయటికి చూసేవాళ్లకు ఎవరో ముసలావిడ చలికి జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నట్టే ఉండేది.

శిక్షణ ఇచ్చిన రోజున వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పారు. మాట్లాడేవాళ్ల నోరు చూడకండి, వినేవాళ్ల ముఖం చూడండి అని. గుండీలమ్మకు ఆ మాట చాలా నచ్చింది.

ఆ రోజు వెళ్లిన హోమ్ రెండంతస్తుల ఇల్లు. కింద తిరగగలిగినవాళ్లు, మేడమీద మతిమరుపు బాగా ముదిరినవాళ్లు పద్దెనిమిది మంది. కిందటి తనిఖీలో మేడకు మూడో గ్రేడు వచ్చింది. హాలు చిందరవందరగా ఉందనీ, చార్టులు సగం ఖాళీగా ఉన్నాయనీ, పనివాళ్లు గట్టిగట్టిగా అరుస్తున్నారనీ రాశారు. ఈసారి కూడా మూడో గ్రేడే వస్తే మేడ మూసేసి, ఆ పద్దెనిమిది మందినీ నది అవతల ఉన్న పెద్ద హోమ్‌కు పంపేస్తారు.

గేటు దగ్గరే ఒక పెద్దాయన ఎదురయ్యాడు. నలగని కోటు, మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. మోకాలు ఒకటి వంగక, అడుగడుగుకూ గేటు ఊచలు పట్టుకుంటున్నాడు.

"తనిఖీకి వచ్చింది మీరేనా అమ్మా?" అన్నాడు.

"అవునండీ. మీరు ఇక్కడుంటారా?"

"నేను కాదు, మా ఆవిడ. మేడమీద. నాది పక్క వీధి. గడియారాలు బాగుచేసేవాణ్ని. రోజూ పన్నెండింటికి వచ్చి ఆవిడకు నాలుగు ముద్దలు తినిపించి, సాయంత్రం వెళ్తాను." గేటు ఊచను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "ఇవాళ మీకోసమే ముందొచ్చాను. మేడ మూసేస్తారంటున్నారు. నది అవతలికి రెండు బస్సులు మారాలట. నా మోకాలికి ఒక్క బస్సు మెట్టే కొండ. అక్కడికి పంపారంటే మళ్లీ దాన్ని చూడలేనమ్మా. మీరు మంచి మాట రాయాలి."

 గుండీలమ్మ ఏమీ చెప్పకూడదని నియమం. "చూసిందే చెబుతామండీ" అని మాత్రం అని, లోపలికి నడిచింది. కానీ ఆయన మాట ఆమె వెంటే మెట్లెక్కింది.

మేడమీద హాల్లో అడుగుపెట్టగానే కొత్త పెయింటు వాసన గుప్పున కొట్టింది. గోడలు తెలుపు, తలుపులు తెలుపు. కుర్చీలన్నీ గోడ వారగా ఒకే వరసలో, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు వేసినట్టు వేసి ఉన్నాయి. బల్లల మీద ఒక్క కాగితం ముక్క లేదు. వరసలో కూర్చున్న ముసలివాళ్లు ఎదుటి గోడను చూస్తున్నారు.

ఆఫీసరు ముఖం విచ్చుకుంది. నలభై ఏళ్ల మనిషి, చేతిరాత అచ్చులా ఉండాలని పట్టుబట్టే రకం. "కిందటిసారి ఇక్కడ నిలబడటానికి చోటు లేదమ్మా. ఎంత మారిపోయిందో చూడండి" అంటూ హెడ్ నర్సు వెంట చార్టుల గదికి వెళ్లిపోయాడు.

గుండీలమ్మ మూల కుర్చీలో కూర్చుంది. నలుగురు ఆయాలు ఇస్త్రీ మడత విప్పని యూనిఫారాల్లో తిరుగుతున్నారు. అందరి నోటా ఒకటే పలుకు.

"నమస్కారం అండీ. మీకు ఏ సహాయం కావాలండీ?"

"మంచినీళ్లు తీసుకుంటారా అండీ?"

గుండీలమ్మకు ముచ్చటేసింది. ఇన్ని హోమ్‌లు తిరిగింది, ఇంత మర్యాద ఎక్కడా వినలేదు. 'అండీ' అన్నప్పుడల్లా ఒక తెల్ల గుండీ ఎడమ జేబులోకి జారింది. గడియారాలాయన బతికిపోయాడు అనుకుంది లోలోపల. అలా అనుకోవడమే ఆమె చేసిన తప్పు. ఆయన మీది జాలితో చెవులు తెరిచి పెట్టి, కళ్లు మూసుకుంది.

ఆయాల్లో ఒకామె దిట్టంగా, ఎర్రటి ముఖంతో ఉంది. ఆమెను అందరూ మైకు అంటారు. కింద వీధిలో నిలబడి మాట్లాడితే మేడమీదికి వినిపించే గొంతు. ఇవాళ ఆ గొంతును ఎక్కడో నొక్కిపెట్టి, పిల్లిలా పలుకుతోంది. లారీలు తోలి రిటైరైన డ్రైవరు తాత దగ్గరికి వెళ్లి వంగి, "తాతగారూ, మీకు ఏ సహాయం కావాలండీ?" అంది.

తాత ఆమెను కిందికీ పైకీ చూశాడు. "ఒంట్లో బాగాలేదా నీకు?"

"బాగానే ఉందండీ."

"గొంతు పోయిందే! డాక్టరుకు చూపించుకో." అటూ ఇటూ చూసి, భయం భయంగా అడిగాడు. "ఇది ఏ ఊరు? మా మైకు ఎక్కడికి పోయింది?"

మైకు పెదవి కొరుక్కుని పక్కకు తిరిగింది. గుండీలమ్మ చేయి అలవాటుగా తెల్ల గుండీ మీదికి పోయింది, జార్చేసింది కూడా. తాత లేచి తన గది వెతుక్కుంటూ బయల్దేరాడు. "నా పచ్చ తలుపు ఏది?" అంటూ ఒక తలుపు తట్టాడు, రెండోది తట్టాడు, మూడోది తట్టాడు. అన్నీ తెల్లగా ఒకేలా ఉన్నాయి. నడవా చివర నిలబడిపోయి, నిలబడ్డచోటే ప్యాంటు తడుపుకున్నాడు. ఒక ఆయా పరుగున వెళ్లి "పరవాలేదండీ" అంటూ తీసుకెళ్లింది. ఇంకో తెల్ల గుండీ.

పన్నెండు గంటలకు గడియారాలాయన మెట్లెక్కి వచ్చాడు. కోటు మీద 'సందర్శకులు' అని రాసిన బిళ్ల తగిలించారు. ఆయన భార్య వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వీధుల వారీగా విడదీసే పని చేసి రిటైరైన ఆమెను హోమ్‌లో అంతా పోస్టు పిన్ని అంటారు. సన్నటి మనిషి. చేతులు ఒళ్లో ఊరుకోవడం లేదు, లేని కాగితాలను తిరగేస్తున్నట్టు వేళ్లు కదులుతూనే ఉన్నాయి. చేతికి తొడుగులు వేసుకున్న ఆయా ఒకామె జావ గిన్నె పట్టుకుని పది నిమిషాలుగా "తీసుకోండి అండీ" అంటోంది. పిన్ని నోరు తెరవడం లేదు.

గడియారాలాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

పిన్ని తలెత్తి చూసి, ఆ కోటునూ బిళ్లనూ చూసి, కుర్చీలోంచి లేవబోయింది. రెండు చేతులూ జోడించింది.

"సూపరింటెండెంటు గారూ... నేను తీయలేదు సార్. సంచి ఇక్కడే పెట్టాను. నాలుగు వీధుల టపా సార్. పొద్దున లేచేసరికి లేదు."

"ఇటు చూడు, నేనే" అన్నాడాయన.

"ఇన్నేళ్లలో ఒక్క కార్డు పోగొట్టలేదు సార్. అడగండి ఎవరినైనా." ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. గొంతు తగ్గించింది. "ఉద్యోగం తీసేస్తే తీసేయండి. మా ఆయనకు మాత్రం చెప్పకండి. ఆయన మెత్తటి మనిషి, బెంగ పెట్టుకుంటాడు."

ఆయన కోటు అంచును పిడికిట్లో నలుపుతూ నిలబడిపోయాడు.

అప్పుడు చూసింది గుండీలమ్మ. నోళ్లు వదిలి ముఖాలు చూసింది. వరసలో ఉన్న ముఖాల్లో ఒక్కటీ తేటగా లేదు. రైలు తప్పి, తెలియని స్టేషనులో దిగిపోయినవాళ్లలా ఉన్నారందరూ. చెంప మీద ఎవరో చరిచినట్టయింది ఆమెకు.

అంతలో "చాలు! ఇంక నా వల్ల కాదు!" అని హాలు అదిరేలా ఒక కేక వినబడింది. మైకు చేతిలో ఉన్న ట్రేను బల్ల మీద ఠపీమని పడేసి, నడవా చివరి సామాను గదిలోకి దూరింది. పెద్ద గోనె సంచి ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. పిన్ని కాళ్ల దగ్గర దబ్బున బోర్లించింది. పాత కవర్లు, కార్డులు, చింపిన క్యాలెండరు ముక్కలు, మందుల డబ్బాల అట్టలు, ఓ గంపెడు.

"ఏయ్ పిన్నీ! ఇదిగో నీ టపా! ఎవరూ కొరుక్కుతినలేదు! ఏడుపు ఆపి చేతులు ఆడించు, పని బోలెడుంది!"

పిన్ని ఏడుపు చటుక్కున ఆగింది. "ఎక్కడ చచ్చావే పొద్దున్నుంచీ? టపా వేళ దాటిపోయింది!"

"నన్నే అంటావా? నాలుగో వీధి కట్ట కట్టేదాకా నీకు జావ లేదు, గీవ లేదు."

"ఇటు తే ఆ గిన్నె. తింటూ కడతాను. నీలా రెండు చేతులకు ఒకటే పని చెప్పే రకం కాదు నేను." గిన్నె అందుకుంటూ కోటాయన వైపు చూసింది. "ఆ సూపరింటెండెంటుకు కుర్చీ వెయ్యవే మొద్దూ, పాపం నిలబడే ఉన్నాడు."

"బాబాయ్, ఆ కోటు అవతల పారెయ్" అంది మైకు.

ఆయన కోటు విప్పాడు. బిళ్లతో సహా కుర్చీ వెనక వేసి, చొక్కా చేతులు మడిచి, కిందికి వంగి నాలుగు కవర్లు ఏరి ఆమెకు అందించాడు. పిన్ని అందుకుని, అతని ముఖంలోకి చూసి, "నువ్వెప్పుడొచ్చావ్?" అంది. "ఏమైనా తిన్నావా?"

జావ గిన్నె ఖాళీ అయింది. వరసలో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి మైకు వైపు చూసి, పొద్దున్నుంచీ మొదటిసారి కుర్చీల్లో వెనక్కి వాలారు.

గుండీలమ్మ తలుపు వైపు చూసింది. ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కన హెడ్ నర్సు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఆఫీసరూ గుండీలమ్మా దుప్పట్లు ఉంచే గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆఫీసరు తలుపు వేశాడు.

"నేను విన్నది చాలమ్మా. 'ఎక్కడ చచ్చావ్' అని ఆ పెద్దావిడ, 'నీకు జావ లేదు' అని ఈవిడ. అన్నం పెట్టనని బెదిరించడం! కిందటిసారి రాసిందే మళ్లీ. మిగతావాళ్లు ఎంత మర్యాదగా ఉన్నారు! మీ లెక్క ఎంత?"

గుండీలమ్మ ఎడమ జేబు దుప్పటి మీద కుమ్మరించింది. "ముప్ఫై ఒకటి తెల్లవి. నల్లవి లేవు."

"చూశారా! ఆ ఒక్క మనిషి లేకపోతే మొదటి గ్రేడే ఇచ్చేవాణ్ని. ఇప్పుడు..." కలం తీశాడు.

"ఆగు బాబూ. నా లెక్క తప్పు."

"తప్పా?"

"నోళ్లు చూసి వేశాను. గేటు దగ్గర ఒకాయన కష్టం విని, మంచి లెక్క రావాలని మనసులో పెట్టుకుని కూర్చున్నాను. నీకు చెప్పకుండా దాచడం తప్పు గనక చెబుతున్నాను." ఒక్కొక్క గుండీని వేలితో పక్కకు జరపడం మొదలుపెట్టింది. "ఇది డ్రైవరు తాతను సహాయం కావాలా అని అడిగినప్పటిది. ఆయన భయపడ్డాడు, నల్లది. ఇది తలుపులు తట్టి తట్టి ప్యాంటు తడుపుకున్నప్పటిది. నల్లది. ఇది పిన్ని ముందు జావ పట్టుకుని నిలబడ్డప్పటిది." దర్జీ దుకాణంలో ఏ చొక్కాకు ఏ గుండీ ఊడిందో గుర్తుపెట్టుకున్న తల అది. ఒక్కటీ తప్పిపోలేదు. చివరికి తెల్లవి నాలుగు మిగిలాయి, నల్లవి ఇరవై ఏడు.

ఆఫీసరు నోరు వెళ్లబెట్టాడు. "మీరు చేసేదేంటో తెలుస్తోందా? ఈ లెక్క వేస్తే మూడో గ్రేడు కూడా ఎక్కువే. మేడ మూయించేది మీరే అవుతారు."

 గేటు ఊచలు పట్టుకున్న చేయి ఆమె కళ్లముందు మెదిలింది. అయినా గుండీలను వెనక్కి కలపలేదు.

"ఇంకొకటి మిగిలింది" అంది. "మైకుది. అది తెల్లది."

"తెల్లదా! 'ఏడుపు ఆపు' అందండీ ఆవిడ!"

"ఏడుపు ఆగిందా లేదా?"

"అలా రాస్తే రేపు ప్రతి హోమ్‌లోనూ అరిచి, ఇది ప్రేమ అంటారు."

"అందుకే కదా బాబూ ముఖం చూడమన్నారు. అరిచినప్పుడు ఎవరి ముఖమైనా చిన్నబోతే, ఆ మైకుకే నల్లది వేస్తాను. మొహమాటపడను." ఆమె ముందుకు వంగింది. "నువ్వు ఒకటి ఆలోచించు. ఆ పిన్ని మనిషిని గుర్తుపట్టేది గొంతుతో. తాత తన గదిని గుర్తుపట్టేది రంగుతో. వాళ్లకు మిగిలిన గుర్తులే రెండో మూడో. మనం వస్తున్నామని వీళ్లు వాటిని తుడిచి గోడకు సున్నం కొట్టారు. మనల్ని మెప్పించాలని పొద్దుటి పూట వాళ్లను ఏడిపించారు. అది తప్పే, రాయి. కానీ మామూలు రోజున ఈ మేడ ఎలా ఉంటుందో మనమింకా చూడలేదు. చూడకుండా ఎలా తేలుస్తాం?"

ఆఫీసరు కలం మూత పెట్టి తీసి, పెట్టి తీసి, బ్యాగులోంచి నియమాల పుస్తకం తీశాడు. మొదటిసారి కూర్చున్నది సరిగ్గా జరగలేదని ఇద్దరూ సంతకం పెడితే అదే రోజు రెండోసారి కూర్చోవచ్చని అందులో ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ వాడుకోలేదు.

"రెండు నుంచి నాలుగు" అన్నాడు చివరికి. "మీ లెక్క ఎలా వస్తే అలాగే రాస్తాను. ఆ తరవాత నన్నేమీ అడగకూడదు."

"అడగను."

హెడ్ నర్సును పిలిచి రెండోసారి కూర్చుంటామని చెప్పారు. ఎందుకో చెప్పకూడదు కనక చెప్పలేదు. ఆవిడ ఏడవలేక నవ్వింది.

"రెండు వారాలు రిహార్సల్ వేశాం సార్. మర్యాద నేర్పే ఆయన్ని పిలిపించాం. ఆ చెత్తంతా తీసేయమని నేనే చెప్పాను. మైకును ఇవాళ సెలవు పెట్టమన్నాను కూడా, అది వినలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఎలాగూ అయిపోయింది. మధ్యాహ్నమైనా వాళ్లను కాస్త నిమ్మళంగా ఉండనిస్తాను. మీరేమైనా రాసుకోండి."

ఆమె హాల్లోకి వెళ్లి చప్పట్లు కొట్టింది. "కుర్చీలు ఎక్కడివక్కడ పెట్టేయండి. తొడుగులు తీసేయండి. ఆ 'అండీ'లు చాలు."

ఒక్క అరగంటలో హాలు చిందరవందరైపోయింది. కుర్చీలు గోడ వదిలి కిటికీల దగ్గర ముగ్గురు నలుగురుగా గుంపు కట్టాయి. సామాను గదిలోంచి ఊలు ఉండలు, విరిగిన గొడుగు, బొమ్మల పుస్తకాలు, ఒక లారీ స్టీరింగు చక్రం బయటికి వచ్చాయి. పెయింటు వేసిన తలుపును మార్చడానికి లేదు. తాత పాత పచ్చ దుప్పటిని మైకు ఆయన తలుపుకు అడ్డంగా మేకులు కొట్టి వేలాడదీసింది. తాత నడవాలో నడుచుకుంటూ వచ్చి, దాన్ని చూసి, "ఆఁ, ఇదీ మన స్టాపు" అని లోపలికి వెళ్లిపోయాడు.

రెండు గంటలకు గుండీలమ్మ మళ్లీ మూల కుర్చీలో కూర్చుంది. ఈసారి చెవుల్లో దూది పెట్టుకుంది, నిజంగానే. ముఖాలు తప్ప ఇంకేమీ చూడనని ఒట్టు పెట్టుకుంది.

దూదిలోంచి కూడా మైకు గొంతు వినబడుతూనే ఉంది. "తాతా, బ్రేకు వెయ్, టీ వచ్చింది!" "ఎవరే ఈ కళ్లజోడు టీలో ముంచింది!" పెద్దవాళ్లు తక్కువ తినలేదు. "నీ మొగుడు ఎలా వేగుతున్నాడే నీతో" అని ఒకావిడ. "చెవుడు పిన్నీ, అదృష్టవంతుడు" అని మైకు. ఆ ఆవిడ బోసినోటితో పొట్ట పట్టుకుని నవ్వింది. తెల్లది. ఊలు ఉండ విప్పుతున్నావిడ పక్కన ఇంకో ఆయా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ చాచింది చుట్టుకోవడానికి. తెల్లది.

నల్లవీ పడ్డాయి. మూడు గంటలకు స్నానాల వేళ. ఇద్దరు ఆయాలు అటు వెళ్లారు. అప్పుడు చివరి గదిలో మంచం దిగలేని ఒకాయన గంట మోగించాడు. ఎవరూ రాలేదు. మళ్లీ మోగించాడు. తెరిచిన తలుపులోంచి ఆయన ముఖం కనబడుతోంది గుండీలమ్మకు. లేచి వెళ్లాలని కాళ్లు పీకాయి. వెళ్లకూడదు. ఒక ఆయా వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మోగించినప్పుడల్లా ఒకటి చొప్పున ఆరు నల్ల గుండీలు ఎడమ జేబులో పడ్డాయి. ఆ తరవాత, ప్యాంటు మళ్లీ తడిసిందని మైకు అందరి ముందూ తాతను గట్టిగా అడిగేసింది. తాత తల దించుకున్నాడు. మైకుకు నల్లది. మాటిచ్చినట్టే, మొహమాటపడలేదు.

నాలుగింటికి దుప్పట్ల గదిలో లెక్క పెట్టారు. తెల్లవి నలభై మూడు, నల్లవి పదకొండు. ఆఫీసరు తానే రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండు గంటలూ అతను కూడా హాలు తలుపు చాటున నిలబడి చూశాడని ఆమెకు తెలుసు. అతని బూట్ల కొసలు తలుపు కింద కనబడుతూనే ఉన్నాయి.

"ఈ పదకొండింట్లో ఆరు ఒక్క మంచానివే" అన్నాడు.

"అది ఊరికే వదిలేయకు. స్నానాల వేళకు ఇంకో మనిషి ఉండాల్సిందే."

"రాస్తున్నాను." అచ్చులాంటి అక్షరాలతో చాలాసేపు రాశాడు. స్నానాల వేళకు ఒక ఆయాను పెంచాలి. గంట మోగితే ఐదు నిమిషాల్లో వెళ్లాలి. తడి బట్టల సంగతి నలుగురిలో ఎత్తకూడదు. ఏ కారణానికైనా సరే, తనిఖీకైనా సరే, పెద్దవాళ్ల వస్తువులు వాళ్లను అడగకుండా తీయకూడదు, గుర్తులు మార్చకూడదు. కింద గీత గీసి, రెండో గ్రేడు అని వేశాడు. సంతకం పెట్టి కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమె చదివి, నెమ్మదిగా తన సంతకమూ పెట్టింది.

హెడ్ నర్సుకు గుండీల లెక్కతో సహా ఆఫీసరే చెప్పాడు. రెండో గ్రేడు అనగానే ఆవిడ అక్కడే ఉన్న దుప్పట్ల దొంతర మీద కూలబడింది.  నడవాలోకి వెళ్లిన ఆవిడ వెనకే మైకు గొంతు మేడంతా మోగింది. "ఏంటీ, నాకు నల్లదా? ఎందుకు?" ఎందుకో హెడ్ నర్సు చెప్పింది.  తరవాత తాత గది వైపు వెళ్లిన మెత్తటి అడుగులు వినబడ్డాయి.

గుండీలమ్మ మెట్లు దిగేసరికి, చివరి మెట్టు మీద గడియారాలాయన కూర్చుని ఉన్నాడు. పిన్ని ఇంకా టపా కడుతోందట, తనను అడ్డం లేవమని పంపేసిందట. ఇంటికి బయల్దేరి, మోకాలు పట్టేస్తే అక్కడే కూర్చుండిపోయాడు. ఆమెను చూసి లేవబోయాడు. కళ్లే అడిగాయి.

"హెడ్ నర్సుకు చెప్పేశారు కనక మీకూ చెప్పొచ్చు" అంది గుండీలమ్మ. "మేడ ఎక్కడికీ పోదు. ఆవిడ ఇక్కడే ఉంటారు."

ఆయన తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. గడియారాలు బాగుచేసే మనిషి, మణికట్టుకు వాచీ ఉండగానే, "టైము ఎంతయిందమ్మా?" అన్నాడు.

"నాలుగూ ఇరవై."

"అయితే ఇంకా రెండు కట్టలు మిగిలుంటాయి, అందించి వెళ్తాను" అన్నాడు. ఊతకర్రలా మెట్ల కమ్మీ పట్టుకుని, ఇటు తిరిగి, ఒక్కో మెట్టూ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాడు. పైనుంచి పిన్ని గొంతు వినబడుతోంది, రెండో వీధి కార్డులు ఎవరు కలిపేశారని మైకును దులిపేస్తూ.

ఇట్లు,
వదినమ్మ అని అందరూ పిలిచే నేను. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉంటున్నది మా ఆడపడుచు గుండీలమ్మ ఇంట్లో, వెనక వైపు గదిలో.